సోలెడు అంటే ఎన్ని గ్రాములు? అత్తయ్యగారి కొలతల డైరీ

ఫిబ్రవరి 9

కిందటి వేసవిలో నేను పెట్టిన ఆవకాయ జాడీని ఇవాళ ఖాళీ చేసి కడిగేశాను. సగానికి పైగా మిగిలే ఉంది. ఒక్క ముద్ద కలుపుకుంటే చాలు, పూటంతా దాహం. మావారు ఒక్క మాట అనకుండా తింటూ వచ్చారు. అంత మామిడికాయ, అంత పప్పునూనె పారబోయడానికి ఇన్నాళ్లూ నాకే చేతులు రాలేదు.

అత్తయ్యగారి నోట్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టే చేశాను. "ముక్కలు నాలుగు సోలలు. కారం సోల. ఆవపిండి సోల. ఉప్పు అరసోల. నూనె సోల, తరవాత చూసుకుని." సోల అంటే పాతకాలపు కొలపాత్ర, అప్పుడు అది నా దగ్గర లేదు. రైస్ కుక్కర్‌తో వచ్చిన ప్లాస్టిక్ కప్పు తీసుకుని అన్నీ దానితోనే కొలిచాను. ఒకే కప్పు వాడితే పాళ్లు మారవని అందరూ చెప్పే మాటే, నేనూ నమ్మాను. ముక్కలు నాలుగు కప్పులు, ఉప్పు అరకప్పు. మరి ఉప్పు ఎక్కడ ఎక్కువైంది? అప్పట్నుంచీ ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

సంక్రాంతి వెళ్లాక అత్తయ్యగారు తెనాలి నుంచి ఇక్కడికి, మద్రాసు వెస్ట్ మాంబళంలో మా ఇంటికి వచ్చేశారు. కంటి ఆపరేషన్ అయింది, పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడలేరు. ఆవిడతో పాటు ట్రంకుపెట్టెలో ఇత్తడి కొలపాత్రలు కూడా వచ్చాయి. గిద్ద, అరసోల, సోల, మానిక. తవ్వ ఒక్కటే ఎక్కడో పోయింది.

నిన్న హైదరాబాద్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, "నానమ్మ వంటలన్నీ నాకు గ్రాముల్లో రాసివ్వమ్మా, సోల నా దగ్గర ఎక్కడుంటుంది?" అంది. నోట్‌బుక్‌లో మొత్తం 43 వంటలున్నాయి. మామిడికాయలు వచ్చేలోపు ముఖ్యమైనవి పూర్తి చేయాలి. కొలిచిన ప్రతిదీ ఇందులో రాస్తాను.

ఫిబ్రవరి 15

ముందు కాటా సంగతి. 5 కిలోల దాకా తూగేది, ఒక్కో గ్రాము చూపించేది ఇంట్లో ఉంది. దాన్ని నమ్మవచ్చా లేదా తేల్చుకోవాలి కదా. 2011 డిజైన్ ఐదు రూపాయల నాణెం 6 గ్రాములుంటుంది. డబ్బాలో వెతికి అలాంటివి ఇరవై పోగు చేశాను. 2019లో వచ్చిన డిజైన్ బరువు వేరు, అది కలిస్తే లెక్క తప్పుతుంది. పది నాణేలకు 60, ఇరవైకి 120 చూపించింది. తక్కువ బరువుల దగ్గర కాటా బాగానే ఉంది.

కానీ 2 గ్రాములు, 3 గ్రాములు దీనికి తెలియవు. ఇంగువ, పసుపు లాంటివాటికి పాయింట్ తరవాత రెండు అంకెలు చూపించే చిన్న కాటా ఒకటి కొన్నాను.

ఫిబ్రవరి 16

ఇవాళంతా నీళ్లే. పాత్రలో ఎంత పడుతుందో తెలుసుకోవాలంటే నీళ్లు తూచడమే సులువైన దారి. మిల్లీలీటరు నీళ్లు గ్రాము అని బడిలో చదువుకున్నాం. అది 4 డిగ్రీల చల్లటి నీళ్లకు. మన మద్రాసు కుళాయి నీళ్లు 29, 30 డిగ్రీలుంటాయి, అప్పుడు లీటరు దాదాపు 996 గ్రాములు తూగుతుంది. వంటకు ఈ తేడా లెక్కలోకి రాదు. అయినా పాత్రల కొలత ఒక్కసారే తీస్తాను కాబట్టి సరిచేసే రాశాను.

నిండా పోస్తే నీళ్లు అంచు మీదికి ఉబ్బి నిలబడతాయి. ఆ ఉబ్బు ఎంతో కంటికి తెలియదు. ఫొటో ఫ్రేమ్‌లోంచి తీసిన చిన్న గాజు పలకను అంచు మీదుగా జరిపి, కింద గాలి బుడగ లేకుండా చూసి, బయట తడి తుడిచి తూచాను. ఒక్కోదానికి ఐదుసార్లు. సోలలో 297 మిల్లీలీటర్లు పట్టింది. అరసోల 148, మానిక 1,190. గిద్ద 76.

నాలుగు గిద్దలు సోల కావాలి. నాలుగు 76లు 304 అయ్యాయి. అత్తయ్యగారిని అడిగితే, "గిద్ద మా పుట్టింటిది అమ్మాయ్, మిగతావి ఈ ఇంటివి" అన్నారు. రెండు ఊళ్లు, ఇద్దరు కంచరివాళ్లు. అయినా తేడా 7 మిల్లీలీటర్లే వచ్చిందంటే వాళ్ల చేతికి దండం పెట్టాలి.

ఈ కొలతల వరస చూస్తుంటే ముచ్చటేస్తోంది. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. అన్నీ రెట్టింపులే. లెక్కలు రానివాళ్లు కూడా ఐదుగురి వంటను పదిమందికి పెంచాలంటే పక్క పాత్ర అందుకుంటే సరిపోయేది. పక్కింటి మామి వాళ్ల తమిళ కొలతల్లోనూ ఇదే పద్ధతి. రెండు ఆళాక్కులు ఉళక్కు, రెండు ఉళక్కులు ఉరి, రెండు ఉరులు పడి. మామి వాళ్ల స్టీలు ఆళాక్కు అడిగి తెచ్చి కొలిచాను, 204 వచ్చింది.

ఇక కుక్కర్ కప్పు. గీత దాకా కొలిస్తే సరిగ్గా 180. దీన్ని మామూలు "కప్పు" అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. జపాన్‌వాళ్లు బియ్యం కొలిచే పాత కొలత "గో" 180 మిల్లీలీటర్లు, కుక్కర్‌తో వచ్చేది అదే. వంటల పుస్తకాల్లో కప్పు అంటే ఆస్ట్రేలియాలో 250, అమెరికాలో 236.6. జపాన్‌లోనే వంటకు వాడే కప్పు 200. పెద్ద చెంచా కూడా అంతటా 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో మాత్రం 20. కేకు రెసిపీ ఏ దేశానిదో చూడకుండా కలిపితే అది పొంగలేదని ఓవెన్‌ను తిట్టుకుని లాభం లేదు.

ఫిబ్రవరి 23

బియ్యం, పప్పులు. ఇవి త్వరగా తేలిపోతాయనుకున్నాను. తీరా మొదలుపెడితే మొదటి సోల దగ్గరే అత్తయ్యగారు ఆపారు. "తలకొట్టి కొలుస్తున్నావా, గోపురం పోస్తున్నావా?"

తలకొట్టడమంటే అరచేతి అంచుతో పైన సమంగా తోసేయడం. గోపురమంటే నిలిచినంత రాశి పోయడం. సోనా మసూరి తలకొడితే 250 గ్రాములు, గోపురం పోస్తే 276. పదో వంతు తేడా అన్నమాట. నోటి వెడల్పును బట్టి ఈ తేడా కూడా మారుతుంది, పాత్ర నోరు ఎంత వెడల్పయితే గోపురం అంత పెద్దది. పూర్వం ధాన్యం అమ్మేటప్పుడు, అప్పు తీర్చేటప్పుడు ఈ గోపురం దగ్గరే గొడవలు వచ్చేవట. అత్తయ్యగారు వంటకు ఎప్పుడూ తలకొట్టే కొలుస్తారు. ఎవరికైనా ఇచ్చేటప్పుడు మాత్రం గోపురం. ఇవాళ కూడా నాకు చూపించడానికి కొలుస్తూ మొదటి సోలకు "ఒకటి" అనలేదు, "లాభం" అన్నారు. ఆ తరవాతే రెండు, మూడు.

తలకొట్టిన సోలకు నాకు వచ్చిన బరువులు: ఇడ్లీ బియ్యం 243, కందిపప్పు 256, మినపగుళ్లు 262, పంచదార 263, బొంబాయి రవ్వ 212, ఇడ్లీ రవ్వ 215.

ఈ చివరి అంకె చూశాక మా అమ్మాయి ఇడ్లీల రహస్యం తెలిసింది. ఇడ్లీలు గట్టిగా వస్తున్నాయని రెండు నెలలుగా గొడవపెడుతోంది. ఒకటికి రెండు అని చెప్పాను కదా, తను కాటా మీద మినప్పప్పు 100 గ్రాములు, రవ్వ 200 గ్రాములు వేస్తోంది. ఒకటికి రెండు అనేది సోలల లెక్క. మినపగుళ్లు సోల 262, రవ్వ రెండు సోలలు 430. అంటే 200 గ్రాముల రవ్వకు మినప్పప్పు 122 గ్రాములు పడాలి. తను వేస్తున్నది అయిదో వంతు తక్కువ. ఇడ్లీ ఎలా పొంగుతుంది? వెంటనే ఫోన్ చేసి చెప్పాను. పాళ్లు చెప్పేటప్పుడు అవి కొలతలో పాళ్లా, తూకంలో పాళ్లా అన్నది కూడా చెప్పి తీరాలని ఎర్ర సిరాతో రాసుకున్నాను.

మార్చి 2

పిండ్ల రోజు. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన రోజు ఇదే అవుతుందేమో.

శనగపిండి ఒకే డబ్బాలోంచి, ఒకే సోలతో, నేను తలకొట్టి కొలిచాను. జల్లించి పైనుంచి వదిలితే 121 గ్రాములు. సోలను డబ్బాలో ముంచి తీస్తే 158. బాగా కుదించి కొడితే 180. నింపే తీరు మార్చినందుకే దాదాపు 60 గ్రాములు అటూ ఇటూ అయింది. బియ్యపు గింజల మధ్య సందు అంతగా మారదు. పిండిలో ఉండేది సగం గాలే, ఆ గాలి ఎంత ఉంచామన్నదే దాని బరువు. కారప్పూస ఒకసారి చేతికి అంటుకుపోవడం, ఇంకోసారి జంతికల గొట్టంలోంచి దిగక మొండికేయడం ఎందుకో ఇప్పుడు తెలిసింది. నేను నీళ్ల మీద అనుమానపడుతూ వచ్చాను.

అత్తయ్యగారిని కింద పీట వేసి కూర్చోబెట్టి, ఒక్క మాట కూడా చెప్పకుండా కొలవమన్నాను. చూస్తూ రాసుకున్నాను. ముందు డబ్బాలో చెయ్యి పెట్టి పిండిని అడుగునుంచి ఒకసారి కదిపారు. గుప్పిటతో తీసి సోలలో మూడుసార్లు వదిలారు, నొక్కలేదు. సోలను గచ్చు మీద రెండుసార్లు తట్టారు. టక్, టక్. పిండి వేలెడు కిందికి దిగింది. ఇంకో గుప్పెడు పోసి, ఎడమ చేత్తో సోలను కాస్త వంచి, కుడిచేతి చిటికెనవేలి అంచుతో ఇవతలి నుంచి అవతలికి ఒక్క తోపు. కింద పడ్డ పిండిని అదే చేత్తో కూడదీసి డబ్బాలో వేశారు.

149. రెండోసారి 152. తరవాత 147, 150, 151.

నాకు నోట మాట రాలేదు. కళ్లు సరిగ్గా కనిపించని మనిషి, కాటా ఎరగని మనిషి, ఐదుసార్లు కొలిస్తే 5 గ్రాములే తేడా. "రెండుసార్లే ఎందుకు తట్టారు అత్తయ్యా?" అంటే, "మా అత్తగారు అలాగే తట్టేవారు" అన్నారు. నోట్‌బుక్‌లో ఎక్కడా ఈ రెండు తట్ల మాట లేదు. సోల అని రాసి ఉందంతే. సోల పాత్ర నా చేతికి వచ్చినా, ఈ రెండు తట్లు తెలియకపోతే ఆవిడ కారప్పూస నాకు రాదు.

శనగపిండికి 150 గ్రాములని ఖాయం చేశాను. పొడి బియ్యప్పిండి 186, గోధుమపిండి 165. ఆవిడ చేతి కొలతే ప్రమాణం, నాది కాదు. ఫోన్‌లో వీడియో కూడా తీసిపెట్టాను.

మార్చి 9

ఉప్పు. ఆవకాయ సంగతి సగం ఇవాళ తేలింది.

మెత్తటి ప్యాకెట్ ఉప్పు అరసోల తూస్తే 180 గ్రాములు. అత్తయ్యగారు ఆవకాయకు వాడేది కల్లుప్పు, ఎండలో పెట్టి రోట్లో దంచింది. అదే అరసోల తూస్తే 148. మెత్తటి రేణువులు సందుల్లోకి దూరి సర్దుకుంటాయి, పలుకుల మధ్య గాలి మిగులుతుంది. రెండూ ఉప్పే, ఉప్పదనం బరువుకే తప్ప కొలతకు రాదు. నేను వాడింది ప్యాకెట్ ఉప్పు. ఐదో వంతుకు పైగా ఎక్కువ వేశానన్నమాట.

కానీ ఐదో వంతు ఎక్కువైతే ఉప్పన అనిపిస్తుందే గానీ, పారబోసేంత కాదు. ఇంకేదో ఉంది.

ఎండలో పెట్టడం సంగతి కూడా రాయాలి. బజారు నుంచి తెచ్చిన కల్లుప్పు కిలో తూచి, మేడ మీద రెండు పూటలు ఎండబెట్టి మళ్లీ తూస్తే 962 గ్రాములుంది. 38 గ్రాముల నీళ్లకు డబ్బులిచ్చి తెచ్చుకున్నాం. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చి కరగడం మొదలుపెడుతుంది. సముద్రం పక్కన ఉన్న ఈ ఊళ్లో తెల్లవారుజామున అంత తేమ మామూలే. అందుకే ఉప్పుకు "ఎండబెట్టాక తూచాలి" అని పక్కనే రాశాను.

మార్చి 16

చిన్న కొలతలు. అత్తయ్యగారి చిటికెడు ఉప్పు పదిసార్లు తూస్తే సగటున 0.4 గ్రాములు. నిమ్మకాయంత చింతపండు 24 నుంచి 31 మధ్య వచ్చింది, 28 అని రాశాను. ఉసిరికాయంత అంటే 10. పోపులో ఆవాలు, జీలకర్ర, ఇంగువ, కరివేపాకు గ్రాముల్లోకి మార్చడం లేదు. అవి కంటితోనూ ముక్కుతోనూ వేసేవి, అక్కడ కాటా పెడితే నూనె మాడుతుంది.

నూనె మాత్రం గుర్తుపెట్టుకోవాలి. లీటరు నూనె ప్యాకెట్ మీదే 910 గ్రాములని రాసి ఉంటుంది, నీళ్లకన్నా తేలిక. గ్రాములు, మిల్లీలీటర్లు ఒకటే అనుకోవడం నీళ్లకు చెల్లుతుంది, పాలకు దాదాపు చెల్లుతుంది, నూనె దగ్గర చెల్లదు. నెయ్యి కరిగించి కొలిచారా, పేరుకున్నది చెంచాతో తీశారా అన్నది ఎలాగూ రాయాలి.

మార్చి 30, ఉగాది

పచ్చడి, బూరెలు అయ్యాక మధ్యాహ్నం నోట్‌బుక్ వెనక పేజీలు తెరిచాం. అవి అత్తయ్యగారి అత్తగారు చెప్పగా రాసుకున్నవి. అక్కడ గ్రాములు లేవు సరే, బెల్లం, చింతపండు లాంటివాటికి సోలలు కూడా లేవు. "బెల్లం పదలం", "చింతపండు వీశె", "ఎండుమిరపకాయలు ఏబులం". కొలిచేవి కొలతలోనే, తూచేవి తూకంలోనే రాశారు. గడ్డకట్టే బెల్లాన్ని, ముద్దగా ఉండే చింతపండును పాత్రలో కొలవకూడదని ఆవిడకు తెలుసు. నేను నెలన్నర తూచి తెలుసుకున్నది ఆవిడ పేజీల్లో ముందే ఉంది.

లెక్క తేలికే. తులం 11.66 గ్రాములు, మూడు తులాలు పలం, అంటే 35 గ్రాములు. ఏబులమంటే ఐదు పలాలు, 175. పదలం పది పలాలు, 350. నలభై పలాలు వీశె, 1,400. మెట్రిక్ తూనికల చట్టం 1956లో వచ్చింది, 1958 నుంచి కిలోలు అమల్లోకి రావడం మొదలైంది. అత్తయ్యగారి పెళ్లి ఆ తరవాతే అయినా, ఇంట్లో చాలాకాలం వీశెలే నడిచాయట. "కొట్లో కిలో, వంటింట్లో వీశె" అన్నారు.

పదలం బెల్లం 350 గ్రాములతో పాకం పట్టి చూశాం. బూరెల పూర్ణానికి సరిగ్గా సరిపోయింది. ఆ పేజీలు సవరించే పని లేదు, పక్కన అంకె రాస్తే చాలు.

ఏప్రిల్ 13

తేలింది!

మార్కెట్లోకి పుల్లటి కాయలు వచ్చాయి. టెంకతో పాటు ముక్కలు కొట్టించి తెచ్చాను. ఇంటికొచ్చి ముక్కలు కుక్కర్ కప్పులో వేస్తుంటే నాకే తట్టింది. ఒక్కో ముక్క కప్పులో మూడో వంతు వెడల్పుంది. రెండు వేస్తే మూడోది అడ్డం పడుతోంది. ఎలా సర్దినా గోడల పక్కన ఖాళీలు. నాలుగు కప్పుల ముక్కలు తూస్తే 324 గ్రాములే.

"అత్తయ్యా, మీరు ముక్కలు సోలతోనే కొలుస్తారా?"

"సోలలో ముక్కలేం పడతాయే? మానికతో ఒక్కసారి కొలుస్తాను. మానికంటే నాలుగు సోలలేగా, అదే రాశాను."

మానిక నిండా ముక్కలు వేసి తూచాను. 650 గ్రాములు. కుక్కర్ కప్పులు నాలుగు 720 మిల్లీలీటర్లు, మానిక 1,190. ఆ లెక్కన నాకు 393 గ్రాముల ముక్కలు రావాలి, 324 వచ్చాయి. పెద్ద పాత్రలో ముక్కలు ఒకదాని సందులో ఒకటి సర్దుకుంటాయి, చిన్న కప్పులో గోడలే అడ్డం. ఉప్పు, కారం లాంటి పొడులకు ఈ ఇబ్బంది లేదు, ఏ కప్పులోనైనా నిండుగా కూర్చుంటాయి. అన్నిటికీ ఒకే కప్పు వాడితే పాళ్లు మారవన్న మాట పొడికి పొడికి మధ్య నిజం, పెద్ద ముక్కకూ పొడికీ మధ్య నిజం కాదు.

ఇప్పుడు రెండూ కలిపి చూస్తే: నేను 324 గ్రాముల ముక్కల్లో అరకప్పు మెత్తటి ఉప్పు, 110 గ్రాములు వేశాను. కిలో ముక్కలకు 340 గ్రాముల ఉప్పు పడింది. అత్తయ్యగారి లెక్కలో 650కి 148, అంటే కిలోకు 228. దాదాపు ఒకటిన్నర రెట్లు. ఏడాదిగా నా చేతి మీద నాకున్న అనుమానం ఇవాళ పోయింది. రాత్రి అమ్మాయికి ఫోన్ చేసి గంటసేపు ఇదే చెప్పాను.

మే 4

ఆవకాయ పెట్టాం. కిలో ముక్కలకు లెక్క వేసి, అంతా తూకంలోనే.

ముక్కలు కిలో, టెంకతో, లోపలి జీడి, పొర తీసి, గుడ్డతో పొడిగా తుడిచాక. కారం సోల 138 గ్రాములు తూగింది, ఆ లెక్కన కిలోకు 212. ఆవపిండి సోల 146, కిలోకు 225. ఎండబెట్టి దంచిన ఉప్పు 228. పప్పునూనె సోల 273, కిలోకు 420 గ్రాములు. మెంతులు చెంచాడు, వెల్లుల్లి ఇష్టమైనంత.

ఆవపిండి దగ్గర ఒక్క క్షణం ఆగాల్సి వచ్చింది. మిక్సీలో మెత్తగా పట్టింది, అత్తయ్యగారు జల్లించింది కొలతలో తేడాగా ఉన్నాయి, తూకంలో ఆ పేచీ లేదు. అయితే మెత్తటి పిండి నూనె ఎక్కువ తాగుతుంది. అందుకే "నూనె తరవాత చూసుకుని" అన్న మాటను నేను గ్రాముల్లోకి మార్చలేదు, అలాగే ఉంచాను.

అత్తయ్యగారు కుర్చీలో కూర్చుని చూశారు. కాటా మీద అంకె చదువుతుంటే ఒక్కోదానికీ తల ఊపారు. ఉప్పు దగ్గర మాత్రం గిన్నె తెమ్మని, గుప్పిట్లోకి తీసుకుని బరువు చూశారు. "సరిపోతుంది" అన్నారు. అప్పుడే కలిపాను.

మే 7

మూడో రోజు. తిరగకలిపాం. నూనె పైకి తేలలేదు, ఇంకో 60 గ్రాములు పోశాను. అత్తయ్యగారికి వేడి అన్నంలో మొదటి ముద్ద పెట్టాను. కళ్లు మూసుకుని నమిలారు. ఉప్పు సంగతి అనలేదు, కారం సంగతి అనలేదు.

"ముక్క చిన్నదైందే. కాయకు ఎన్ని కొట్టించావ్?"

"పన్నెండు."

"మేం ఎనిమిది కొట్టేవాళ్లం."

ముక్క చిన్నదైతే ఉప్పు త్వరగా లోపలికి దిగుతుంది, ఊట తొందరగా వస్తుంది, ముక్క కూడా తొందరగా మెత్తబడుతుంది. తూకం సరిపోయినా ఈ తేడా ఉంటుంది. పట్టికలో ఆవకాయ వరసలో "కాయకు 8 ముక్కలు" అని ఇంకో గడి చేర్చాను.

43లో 29 అయ్యాయి. అరిసెలు మిగిలాయి, అవే కష్టం. నానబెట్టి వడగట్టిన బియ్యాన్ని తడి ఆరకముందే దంచే పిండి అది, ఎంత నీళ్లు పట్టుకుందో గంట గంటకూ మారుతుంది. పొడి బియ్యం తూకం, నానిన బియ్యం తూకం, పిండి తూకం మూడూ వరసగా రాయాలి. పుష్యమాసం దాకా ఆగాలి. రోలు మేడ మీద ఉంది, కిందికి దింపించాలి.